ఒరోరో వద్దన్నాను

మా అమ్మాయి అసాబి ఛాతీలోంచి వచ్చే గొట్టం మంచం కింది సీసాలోకి దిగుతుంది. పన్నెండు రోజులుగా అందులో పాలలాంటిది చేరుతూనే ఉంది. శుక్రవారానికి ఆ తెలుపు పోకపోతే ఛాతీ కోసి ఆపరేషన్ చేస్తారు.

మోటారు సైకిల్ మీంచి పడ్డప్పుడు లోపల ఒక సన్నని నాళం చిరిగింది. మనం తిన్న కొవ్వు పేగుల్లోంచి తిన్నగా నెత్తుట్లోకి పోదట. పాలలా మారి ఆ నాళం గుండా ఛాతీలోకెక్కి మెడ దగ్గర నెత్తుట్లో కలుస్తుందట. డాక్టర్ ఎకానెమ్ బొమ్మ గీసి మరీ చెప్పింది. చిరుగు పూడాలంటే కొన్నాళ్ళు ఆ దారిలో కొవ్వు పారకూడదు. కొబ్బరి నూనెలోంచి వేరుచేసిన ఒక రకం మాత్రం సూటిగా కాలేయానికి పోతుందని చిన్న సీసా ఇచ్చింది. ఆమె కాలబార్ ఊరి మనిషి, మా యొరుబా భాష రాదు, ఇంగ్లీషే. మా అక్కకు అదంతా మా భాషలో చెప్పింది నేనే. ముప్ఫై ఏళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి.

నా భార్య పోయినప్పటి నుంచి మాకు వంట చేసి పెడుతున్నది అక్కే. ఆ చిన్న సీసా చూసి, కొబ్బరి నూనె మాత్రం నూనె కాదా అని నిలదీసింది. అదీ నూనే, దారి వేరన్నాను. నూనెల్లో కూడా ఎవరి దారి వాళ్ళదేనా అని నవ్వింది. ఇక చూడవచ్చేవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. చర్చి నుంచి ఒకావిడ పుచ్చగింజల ఎగుసి పులుసు తెచ్చి, గింజలే కదా మాస్టారూ, నూనెక్కడిదీ అంది. ప్రతి గిన్నె మూతా తీసి వాసన చూసి వెనక్కి పంపాను, అక్క గిన్నె తప్ప. గర్విష్ఠినని పేరొచ్చింది. సీసాలో తెలుపు మాత్రం తగ్గలేదు.

మంగళవారం డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, పిల్ల ఏం తింటోందని మెల్లగా అడిగింది. దొంగతనం చేసి పట్టుబడ్డట్టయింది నాకు. తిన్నగా అక్క ఇంటికి వెళ్ళి, నువ్వేం వండుతున్నావో నా కళ్ళతో చూడాలన్నాను. ఆమె ముఖం చిన్నబుచ్చుకుంది. వేరుశనగ నూనె డబ్బా తెచ్చి ముందు పెట్టింది. మూతకు చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది.

"పన్నెండు రోజులుగా ముట్టుకుంటే ఒట్టు," అని ఆకుకూర కుండలో గరిటెడు ఎర్రటి పామాయిల్ పోసింది.

"అదేమిటక్కా?"

"కనబడటం లేదూ? ఎపో."

"నూనె వద్దని చెప్పానా లేదా?"

"నువ్వు ఒరోరో వద్దన్నావు. ఎపో వద్దని ఎప్పుడన్నావు?"

నిజమే. నేనన్నది ఒరోరో అనే. మా భాషలో ఒరోరో అంటే డబ్బాలో వచ్చే నూనె, ఎపో అంటే ఈ ఎర్రది. రెండింటికీ కలిపి ఒక్క మాట మా ఇళ్ళలో ఎవరూ వాడరు. డాక్టర్ ఆయిల్ అన్న ఇంగ్లీషు మాటను సగానికి విరిచి, ఒక ముక్కే అక్క చేతిలో పెట్టి, పన్నెండు రోజులు ఊరందరినీ విసుక్కున్నాను.

తప్పు నాదేనన్నాను. అక్క గరిటె కింద పెట్టి, పిల్లకు నొప్పెక్కువైందా అని మాత్రం అడిగింది. ఆ తర్వాతే తిట్టింది.

"అంత చదివి, వంటింటికి చెప్పాల్సిన మాట తెలీదు. కూర్చో. ఇది నువ్వే తిను. నీ గొట్టమేం చిరగలేదుగా."

తిన్నాను.

డాక్టర్ దగ్గర దాచకుండా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను; నవ్వకుండా ఆ రెండు మాటలూ తన పుస్తకంలో రాసుకుంది. శుక్రవారం ఆపరేషన్‌ను మరో వారం వాయిదా వేసింది. అక్క ఉడికించిన ఆకుకూర, గంజిముద్ద పట్టుకొచ్చేది. అసాబి గడ్డి తింటున్నట్టుందని రోజూ విసుక్కునేది. ఆ విసుగు వినబడుతున్నంతసేపూ నాకు ప్రాణం హాయిగా ఉండేది.

ఆరో రోజు ఉదయం నర్సు సీసాను కిటికీ వెలుగులో పట్టుకుంది. అందులో లేత పసుపు నీళ్ళు. సీసా వెనకనున్న ఆమె వేళ్ళు నాకు కనబడ్డాయి.