పాటలో పాండు ఫోటో

‘ఉప్పుగాలి’ బ్యాండు మాది అని చెప్పుకోవడం నేను మానేసి చాలా కాలమైంది. మా పాండు మాత్రం మానలేదు. మానమన్నందుకు ఒకసారి నాతో మాటలు మానేశాడు. కొన్నాళ్ళకి తనే పలాసలో నా ఫ్లెక్సీ షాపుకొచ్చి, ఏమీ జరగనట్టు టీ తెప్పించమన్నాడు.

పాండు నాకు వరసకు బావ. కవిటి దగ్గర వాళ్ళ ఊళ్ళో కొబ్బరికాయలు దింపేవాడు. బ్యాండు వాళ్ళేమో అక్కుపల్లి కుర్రాళ్ళు. పాడేవాడు బాబీ, చేపల వేటకెళ్ళే ఇంట్లో పుట్టినవాడు. ఒక గిటారు, ఒక డప్పు, అరువు తెచ్చుకున్న కీబోర్డు. అమ్మవారి సంబరాల్లో ట్రాక్టరు తొట్టి మీద నిలబడి పాడేవారు. పాడేది మా ఉద్దానం మాటలోనే. “ఏటి సేత్తావు, ఎటెల్తావు” అని మైకులో వినపడితే మాకు ఒళ్ళు పులకరించేది. అప్పటిదాకా మా మాట సినిమాల్లోకి వచ్చిందంటే పక్కవాడు నవ్వడానికే. ఆ మాటలో ఏడవవచ్చనీ, ప్రేమించవచ్చనీ మాకు మొదట చూపించింది బాబీ. ఎంత కోపమున్నా అది కాదనను.

అభిమాన సంఘం పెట్టింది పాండు. అధ్యక్షుడూ అతనే. సంబరం ఎక్కడుంటే మా బళ్ళు అక్కడికే. స్టేజీ కట్టేది మేమే, జనరేటరు మోసేది మేమే, తాగి స్టేజీ ఎక్కేవాణ్ణి కిందికి లాగేదీ మేమే. బాబీ గొంతు ఆరిపోతోందంటే పాండు పక్క తోటలో చెట్టెక్కి బొండాం దింపుకొచ్చేవాడు. ఫ్లెక్సీలు నేను కొట్టించేవాణ్ణి. పైన బ్యాండు వాళ్ళు నిలువెత్తున, అడుగున మా మొహాలు గుండ్రంగా కత్తిరించి వరసగా. అధ్యక్షుడు కాబట్టి పాండు మొహం మాకన్నా కాస్త పెద్దది. నల్లకళ్ళద్దాలు, బ్యాండు పేరున్న టీషర్టు, నోరంతా నవ్వు. ఆ ఫోటో తప్ప మరొకటి పెట్టనిచ్చేవాడు కాదు.

తర్వాత టీవీ పోటీ వచ్చింది. ఊరూరా తిరిగి జనం చేత ఓట్లు వేయించాం. గెలిచారు, హైదరాబాదు వెళ్ళారు. ఫోన్లు ఎత్తడం తగ్గింది. ఏరు దాటాక తెప్ప తగలేశారని నేనంటే, “మరి తెప్పని హైదరాబాదు మోసుకెల్తారేటి బావా?” అని పాండు నన్నే ఎగతాళి చేసేవాడు.

నా మనసు విరిగింది ఫోన్లు ఎత్తనందుకు కాదు. బాబీ ఇంటర్వ్యూ ఒకటి చూశాక విరిగింది. మా ఊళ్ళల్లో ఎవరూ అంత యాస మాట్లాడరు. ప్రతి మాటా సాగదీసి, కళ్ళు తిప్పి, “ఓలమ్మోలమ్మా” అని మెలికలు తిరిగాడు. యాంకరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఏ నవ్వు నుంచి మమ్మల్ని బయటికి తెచ్చాడని మురిసిపోయామో, తిరిగి ఆ నవ్వుకే మమ్మల్ని అప్పజెప్పాడు. ఆ రోజు నుంచి నా ఫోన్లో వాళ్ళ పాట పెట్టలేదు. సంఘంలో మిగతావాళ్ళూ ఒక్కొక్కరే జారుకున్నారు. కొందరికి పెళ్ళయింది, కొందరికి బుద్ధొచ్చింది.

ఆ రోజుల్లోనే పాండుకి కాళ్ళ వాపులు మొదలయ్యాయి. మా ఉద్దానంలో కాళ్ళు వాచాయంటే ఎందుకని ఎవరూ అడగరు. ఎప్పట్నుంచి అని మాత్రమే అడుగుతారు. కిడ్నీలు పాడయ్యాయన్నారు. చెట్టెక్కడం పోయింది. కొబ్బరి తోటలో పుట్టి పెరిగినవాణ్ణి కొబ్బరినీళ్ళు ముట్టవద్దన్నారు. మంచినీళ్ళు కూడా కొలిచి తాగాలి. రోజు విడిచి రోజు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకునేవాడు. రక్తం మిషన్లో తిరుగుతున్నంతసేపూ చెవుల్లో ఉప్పుగాలి పాటలే. “మందు ఒంటికి, పాట నాకు” అనేవాడు.

ఒకనాడు డయాలసిస్ అయ్యాక ఇంటికి పోకుండా షాపుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“బాబీ ఫోన్ సేసినాడు బావా. సొయంగా సేసినాడు. ఉద్దానం కిడ్నీల మీద పాట కడతన్నారట. మన ఫోటోలు అందులో పెడతారట. నా ఫోటో పంపించమన్నాడు.”

“ఫోటో దేనికట?”

“దేనికేటి? పాటలో పెట్టడానికి. ఆళ్ళు పైన, మనం కింద. అప్పుడు నువ్వు ఫ్లెక్సీల్లో పెట్టీవోడివి కాదా? అలగే.”

జబ్బు గురించి కడుతున్న పాటలో నల్లకళ్ళద్దాలు ఎందుకు బావా అన్నాను. అదే కావాలన్నాడు. మొహం కాస్త తేటగా చెయ్యమన్నాడు. చేశాను. పంపించి, బాబీ దగ్గర్నుంచి వచ్చిన దణ్ణం బొమ్మని నాకు చూపించి మరీ వెళ్ళాడు.

పాట ఆదివారం పొద్దున విడుదలైంది. పాండు వాళ్ళ ఇంట్లో ఫోన్‌ని టీవీకి కలిపారు. పాండు, అతని భార్య భవాని, తల్లి గౌరమ్మత్త, వీధిలోవాళ్ళు అందరూ కూర్చున్నారు. నన్ను రమ్మని పాండు ఒట్టు పెట్టించుకున్నాడు కాబట్టి నేనూ వెళ్ళాను.

పాట బాగుంది. అది నా చేత అనిపించినందుకు బాబీ మీద ఇంకా మండింది. కొబ్బరి తోటలు, బావి, ఖాళీ మంచం. ఆ తర్వాత ఒక మట్టి గోడ వచ్చింది. గోడ నిండా ఫోటోలు. ప్రతి ఫోటోకీ బంతిపూల దండ, కింద దీపం. నడిమధ్యన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నవ్వుతూ మా పాండు. బాబీ ఆ ఫోటో ముందు మోకాళ్ళ మీద కూలబడి, అద్దం మీద చెయ్యి ఆన్చి ఏడ్చాడు.

గౌరమ్మత్త లేచి టీవీ తీగ పీకిపారేసింది.

“ఓరి నాయనో! నా కొడుకు కూకుని సూత్తండగానే దండేసీసినార్రా!”

బతికున్నవాడి ఫోటోకి దండ వేస్తే ఏమవుతుందో మా దగ్గర ఎవరూ పైకి అనరు. అనడం కూడా అరిష్టమే. అత్త పాండుని దొడ్లోకి లాక్కెళ్ళి పసుపునీళ్ళు తలమీద కుమ్మరించింది. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. భవాని లోపలికెళ్ళి మొహం కడుక్కుని, ఎప్పటికన్నా పెద్ద బొట్టు పెట్టుకుని వచ్చింది. పాండు తడిబట్టలతో నవ్వడానికి ప్రయత్నించాడు.

“సచ్చిపోనాడని పుకారొత్తే ఆయుస్సు పెరుగుద్దంటారు కదేటి. బాబీ నాకు మేలే సేసినాడు.”

మధ్యాహ్నానికి ఇచ్ఛాపురం నుంచి అతని మేనత్త లక్ష్మమ్మ ఆటో దిగింది. ఏడుస్తూ దిగింది. అరుగు మీద పాండుని చూసి అక్కడే చతికిలబడింది. ఫోన్లు ఆగకుండా వచ్చాయి. పాట కింద ముక్కూమొహం తెలియనివాళ్ళు ‘అన్న ఆత్మకు శాంతి’ అని రాస్తున్నారు. పాండు వాళ్ళ మధ్యలో ‘నేను బతికే ఉన్నాను’ అని రాశాడు. ఉప్పుగాలి వాళ్ళ దగ్గర్నుంచి దానికొక ఎర్ర గుండె బొమ్మ వచ్చింది. అందరి మాటలకీ అదే బొమ్మ పెడుతున్నారు.

గౌరమ్మత్త మాత్రం ఒకటే పట్టు పట్టింది. ఆ దండ తీసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టనంది. ఆ రోజు తినలేదు. మర్నాడూ తినలేదు. ముసలి ప్రాణం, మంచానికి అతుక్కుపోయింది. పాండు బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి కాళ్ళు పట్టుకున్నాడు. “దండ తీసీమను. అప్పుడు తింతాను” అంది అంతే. అప్పుడు నాకు కబురొచ్చింది.

నా నంబరు నుంచి చేస్తే బాబీ ఎత్తలేదు. పాండు నంబరు నుంచి చేసినా ఎత్తలేదు. అరుగు మీద కూర్చుని భవాని ఫోన్ నుంచి చేశాను. తెలియని నంబరు కాబట్టి ఎత్తాడు. పాండు వినాలని స్పీకరు పెట్టాను.

“బాబీ, తిరుమలరావుని. పలాస ఫ్లెక్సీ.”

“ఓలమ్మా, మావా! ఏటి మావా ఎలగున్నావు? పాట సూసినావా?”

“సూసినాం. బతికున్నోడికి దండేత్తారేట్రా? ఆడి తల్లి తిండి మానేసి పడుంది. ఆ ఒక్క ఫోటో తీసీరా, నీకు పున్యముంటాది.”

ఆ మాట వినేసరికి బాబీ గొంతులో యాస ఒక్క ముక్క లేదు.

“చూడు మావా, అది నా చేతుల్లో లేదు. పాట కంపెనీ వాళ్ళది. ఆ షాట్‌కే జనం ఏడుస్తున్నారు. తీస్తే వీడియో మళ్ళీ మొదట్నుంచి ఎక్కించాలి, వచ్చిన పేరంతా పోతుంది.”

“పాండు పంపినాడని తెలుసు కదా నీకు? ఆడితో మాటాడినావు కదా?”

“తెలుసు మావా. డయాలసిస్ అని ఆయనే చెప్పాడు. నాకు మాత్రం బాధ లేదా? కానీ నువ్వే ఆలోచించు. ఇప్పుడు తీసేసి, కొన్నాళ్ళకి మళ్ళీ పెట్టడం దేనికి?”

పాండు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

“బాబీ, నాను పాండుని. ఇక్కడే ఉన్నాను.”

అవతల బాబీ ఫోన్ పెట్టేశాడు. పాండు చేతిలో ఫోన్‌ని చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళలో నేనెన్ని తిట్టినా వాళ్ళని వెనకేసుకొచ్చిన మనిషి, ఇప్పుడు ఒక్క మాట వెతుక్కోలేకపోయాడు. నా మాటే నెగ్గింది. నెగ్గినందుకు ఏడుపొచ్చింది.

లోపలి నుంచి గౌరమ్మత్త గొంతు నీరసంగా వచ్చింది. ఫోన్లో మాటలు ఆవిడకి వినపడలేదు.

“ఏటన్నాడ్రా? తీసేత్తానన్నాడా?”

ఉన్నదున్నట్టు చెప్పేద్దామని లేచాను. పాండు నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాడు.

“తీసేత్తానన్నాడమ్మా. తెలక ఏసీసినారట. పాపం, ఫోన్లో ఏడ్సినాడు. లెగు, లెగిసి అన్నం తిను.”

అత్త మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులూ జోడించి నెత్తికి ఆన్చుకుంది.

“నూరేళ్ళు సల్లగుండాల ఆ బిడ్డ” అని బాబీని దీవించి, భవాని తెచ్చిన కంచం ముందుకు లాక్కుంది.