ముఖం చూపించే అలవాటు

సముద్రం గట్టు తెంచుకుని మా పొలాల్లోకి వచ్చిన తర్వాత నాలుగో శీతాకాలం అది. ఉప్పు పట్టిన నేలలో పంచదార తీసే దుంప ఇంకా సరిగా ఊరడం లేదు. ఆ పొలాల పక్కనే యుద్ధవిమానాల స్థావరం. యుద్ధం మొదలవగానే నన్ను అందులో పనికి తీసుకున్నారు. నాకూ మాసప్‌కీ కలిపి ఒక విమానం అప్పగించారు. ఇంజను అతను చూసేవాడు. మిగతా విమానమంతా నేను చూసుకునేవాణ్ణి. దాన్ని నడిపేది సార్జంట్ కెడ్డీ, స్కాట్లండు కుర్రాడు.

మా దళానికి ఒక అలవాటు ఉండేది. పోరు నుంచి తిరిగొచ్చిన పైలట్ దిగే ముందు మేం పనిచేసే గుడిసె మీదుగా బాగా కిందికి వచ్చి, తల మీది అద్దం తెరిచి, ఆక్సిజన్ మాస్కు లాగేసి, కింద నిలబడ్డ తనవాళ్లకి ముఖం చూపించేవాడు. మేం చెయ్యెత్తేవాళ్లం. అప్పుడే టీకి నీళ్లు పడేవి. ముఖం కనబడకపోతే ఆ విమానం తాలూకు మనుషులు చీకటి పడేదాకా అక్కడే నిలబడేవాళ్లు.

ఆ శీతాకాలం పాత విమానాలు తీసుకుపోయి కొత్తవి ఇచ్చారు. వేగం ఎక్కువే, కారుకున్నట్టు తలుపూ దించే కిటికీ ఉండేవి. కానీ ఇంజను పొగ లోపలికి వచ్చేది. అందులోని విషానికి వాసన లేదు, నిద్ర వస్తుంది, అంతే. మావాళ్లు ఆ విమానానికి ఇటుకబట్టీ అని పేరు పెట్టారు. కనబడిన సందల్లా పుట్టీతో మూశాం. అయినా వచ్చేది. నెల తిరక్కుండానే ఇద్దరు పైలట్లు శత్రువు జాడ లేకుండానే సముద్రంలో పడిపోయారు.

దళాధిపతి ర్యాగ్ అందర్నీ నిలబెట్టి చెప్పాడు.

"ఇంజను తిప్పిన దగ్గర్నుంచి ఆపేదాకా మాస్కు తియ్యొద్దు. కిటికీ దించితే పొగ ఇంకా లోపలికి లాగుతుంది. ఇకమీదట ఎవడూ ఎవడికీ ముఖం చూపించక్కర్లేదు."

కెడ్డీకి పట్టీలు బిగిస్తూ నేనూ అదే అన్నాను.

"విన్నావుగా సార్జంట్. నీ ముఖం నాకు చూపించక్కర్లేదు."

"అంత బాలేదా పెద్దాయనా?"

"బాగుందని ఎవరన్నారు?"

"వాళ్లమ్మ అనుంటుంది," అన్నాడు రెక్క మీంచి మాసప్.

"మాస్కుతో వస్తే నేనో కాదో మీకెలా తెలుస్తుంది?"

"విమానం పక్కన అక్షరాలున్నాయి. నేనే రాశాను."

"అక్షరాలు చూసి టీ పెడతావా?"

"రెక్కలు ఊపు, పెడతాను. నా వంతు రేషను పంచదార కూడా నువ్వే వేసుకో. మాస్కు మాత్రం ముట్టుకోకు."

"పంచదార అన్నావుగా, మాట తప్పకు మరి," అని తలుపు వేసుకున్నాడు.

పైలట్లు ఓడలకి కాపలాగా వెళ్లారు. మధ్యాహ్నం దాటాక కెడ్డీ తిరిగొచ్చాడు. రెక్కలు ఊపాడు. నేను చెయ్యెత్తాను. మాసప్ కెటిల్ పొయ్యి మీద పెట్టాడు.

కెడ్డీ దిగకుండా చుట్టు తిరిగి మళ్లీ మా మీదికి వచ్చాడు. ఈసారి కిటికీ దించి ఉంది. మాస్కు లేదు. ముఖం మాకేసి తిప్పాడు. చెంపలు ఎర్రగా ఉన్నాయి. చలికనుకున్నాను.

"మాస్కు పెట్టుకోరా," అన్నాడు మాసప్, గొంతు పెంచకుండానే. పెంచినా వినబడదు.

విమానం దిగడానికి మలుపు తిరగలేదు. ఇంటికెళ్లే మనిషిలా తిన్నగా, తొందర లేకుండా పోయింది. కాలవ దాటి దుంపచేలో పడింది.

చెంపలు ఎర్రబడింది ఆ విషానికే, మాస్కు సందుల్లోంచి కొద్దికొద్దిగా దూరినా చాలు, అది తలకెక్కితే కొత్తగా చెప్పింది మరిచిపోతారు, పాత అలవాటే మిగులుతుంది అన్నాడు డాక్టరు. మేం ఆ చేలోంచి తిరిగొచ్చేసరికి కెటిల్లో నీళ్లు ఇగిరిపోయి అడుగు మాడింది.

మర్నాడు పొద్దున మాకు ఇంకో విమానం ఇచ్చారు. పైలట్ లిన్సెల్ అప్పుడే వచ్చిన మనిషి. మా అలవాటు అతనికి ఎవరో చెప్పేశారు.

"మీరెక్కడ నిలబడతారు?" అని అడిగాడు.

"గుడిసె దగ్గర."

"అయితే ముఖం మీకు..."

"మాస్కు సరిగా పెట్టుకో," అన్నాను.

అతను తిరిగొస్తున్న చప్పుడు వినబడగానే నేను అతను వచ్చే వైపుకి వీపు పెట్టి గుడిసె గోడకేసి తిరిగాను. మాసప్ నన్ను చూసి తనూ తిరిగాడు. చప్పుడు మా తలల మీదుగా పోయింది. చక్రాలు నేలని తాకి, ఇంజను ఆగేదాకా గోడనే చూస్తూ నిలబడ్డాను.