టాప్ గేరులో వంతెన ఎక్కితే

మా ఆయన నతానియేలు గారికి వినికిడి తగ్గిందని గుడివాడలో నా ఒక్కదానికే అనుమానం. టీవీ పెడితే వీధి చివరికి వినపడాల్సిందే. పాత పెట్రోలు కార్లకు చెవితో టైమింగ్ పెట్టే మెకానిక్కుకు చెవే పోయిందని తెలిస్తే మా షెడ్డు గడప ఎవరు తొక్కుతారు? అందుకే బయట నోరు మెదపలేదు. ఇంట్లో మాత్రం బందరులో చెవి డాక్టరుకు చూపించుకుందామని ఏడాదిగా పోరుతున్నాను. "నేను టైమింగ్ పెట్టిన బండి ఒక్కటైనా తిరిగొచ్చిందా?" అంటారు. నిజమే, రాలేదు. అక్కడితో నేను ఓడిపోయేదాన్ని.

ఆ శనివారం పొద్దున్నే జానకమ్మ టీచర్‌గారు బంటుమిల్లి నుంచి తన అంబాసిడర్‌లో వచ్చారు. ఎనిమిదో తరగతిలో నాకు లెక్కలు చెప్పినావిడ. బండి లాగడం లేదన్నారు. మా ఆయన ఇంజను స్టార్ట్ చేసి, లోపల నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చూసే డిస్ట్రిబ్యూటర్‌ని ఒక పిసరు ముందుకు తిప్పి బిగించారు.

ఇక మిగిలింది వంతెన. మా డెల్టాలో ఎత్తంటే కాలువ మీది వంతెనే కదా. బరువుతో, టాప్ గేరులో దాన్ని ఎక్కించి చూడాలి. లోపల నిప్పురవ్వ తొందరపడుతుంటే గోలీలు కొట్టుకున్నట్టు ఇంజను టకటకమంటుంది. అప్పుడు కాస్త వెనక్కి తిప్పాలి. ఆ బరువు కోసం ప్రతిసారీ నన్నే వెనక సీట్లో కూర్చోబెడతారు. ఒళ్లు పెరిగినందుకు నాకు దక్కిన ఉద్యోగం అది.

ఆ రోజు నా పక్కన టీచర్‌గారు. ఆవిడ పక్కనుంటే నాకిప్పటికీ చేతులు కట్టుకోవాలనిపిస్తుంది. వంతెన ఎక్కుతుంటే ఇంజను టకటకలాడింది, గట్టిగానే. ఇంకెవరి ముందైనా ముఖం చిట్లించేదాన్నే. ఆవిడ ముందు మర్యాద కాదని నవ్వుముఖం పెట్టుకుని కూర్చున్నాను.

"సరిపోయిందండీ టీచర్‌గారూ" అన్నారు మా ఆయన ధీమాగా.

ఆ మోత కూడా వినపడలేదంటే ఇంకేం మిగిలింది?

"ఆ చప్పుడేంటి ఝాన్సీ?" అన్నారు టీచర్‌గారు.

"ఇంకోసారి చూస్తారులెండి" అని సర్దేశాను.

షెడ్డుకొచ్చాక ఆవిడకు కుర్చీ వేసి, కొబ్బరిబోండాం చేతికిచ్చి, మా ఆయన్ని బానెట్ చాటుకు లాక్కెళ్లాను.

"వంతెన మీద మోగిందండీ."

ఆయన బిత్తరపోయారు. "మరి నవ్వుతూ కూర్చున్నావేంటి?"

"నా నవ్వుకీ దానికీ ఏంటి సంబంధం?"

డిస్ట్రిబ్యూటర్ మీద చెయ్యి వేశారు. "ఆ మోత నాకు వినపడక ఏడాదైంది ఝాన్సీ. అద్దంలో నీ ముఖం చూసే టైమింగ్ పెడుతున్నా. నువ్వు చిట్లిస్తే వెనక్కి తిప్పుతా."

ఒళ్లు మండిపోయింది. ఏడాదిపాటు నా ముఖంతోనే నన్ను ఓడించారన్నమాట. "నాతో ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

"చెబితే నన్ను జాలిగా చూస్తావు. ఆ ముఖంలో నాకేం తెలుస్తుంది?"

ఆయన డిస్ట్రిబ్యూటర్‌ని వెనక్కి తిప్పి బిగించారు. ముగ్గురం మళ్లీ బయల్దేరాం.

ఈసారి టాప్ గేరులో వంతెన సాఫీగా ఎక్కింది. ఒక్క చప్పుడు లేదు. నాకే ఏడుపు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నా ముఖం వంకరపోతూనే ఉంది. సరిగ్గా వంతెన మధ్యలో ఆయన బండి ఆపేసి వెనక్కి తిరిగారు.

"ఇంకా మోగుతోందా?" అన్నారు, టీచర్‌గారు వింటుండగానే.