రద్దీ వేళ రుసుము

పైడిరాజు చనిపోయినప్పటి నుంచి పోర్టు గేటు ముందు లారీల లైనులో ఉన్నాడు. అతని భార్య నూకరత్నం రోజూ బడి విడిచాక క్యారేజీ పట్టుకుని అక్కడికి వెళ్తుంది.

లైను గేటు దగ్గర మొదలై, ఉప్పు కొఠార్లు దాటి, రైలు వంతెన కిందుగా వచ్చి, ఆమె తెలుగు పాఠం చెప్పే ఏడో తరగతి గదిలో వెనక బల్ల దగ్గర ముగుస్తుంది. కొత్తగా వచ్చిన లారీ అక్కడే ఆగుతుంది. పిల్లలు కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటారు. డ్రైవర్లు మర్యాదస్తులు. పాఠం జరుగుతున్నంతసేపూ ఇంజను ఆపేస్తారు. సంధులు చెప్పే రోజున ఒకరిద్దరు దిగి, తలుపు దగ్గర నిలబడి వింటారు.

పైడిరాజు లారీలో ఉప్పుడు బియ్యం ఉంది. ఎడమ భుజం కాస్త వంచి, స్టీరింగు మీద చేతులు ఆనించి కూర్చుంటాడు. ఆమె క్యారేజీ విప్పుతుంది. అతను తింటాడు. గిన్నె ఖాళీ కాదు, అతనికి మాత్రం కడుపు నిండుతుంది. ఎండుచేపల కూరలో ఉప్పు తగ్గిందంటాడు. రేపు చూసి వేస్తానని ఆమె అంటుంది.

అతని వంతు వచ్చినప్పుడు గేటు తెరుచుకుంటుంది. ఇంజను స్టార్టు చేస్తాడు. సరిగ్గా అప్పుడు ఆమె లారీకి ఎదురుగా వచ్చి అడుగుతుంది.

"ఎక్కడికి మావా?"

బయల్దేరే మనిషిని అలా అడగకూడదు. అడిగాక ఆ ప్రయాణం సాగదు. పైడిరాజు ఇంజను ఆపి దిగుతాడు. కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుంటాడు. ఈలోగా వంతు దాటిపోతుంది. లారీని తిప్పుకుని ఏడో తరగతి గదికి వెళ్ళి మళ్ళీ చివర నిలబడతాడు. కోప్పడడు. ఆఖరి ట్రిప్పుకి అతను బయల్దేరిన పొద్దున ఆమె బడిలో ఉంది. అడిగేవాళ్ళెవరూ లేక వెళ్ళిపోయాడు.

లైనులో అందరిదీ ఇదే వరస. వెనక లారీ గౌరీసుని వాళ్ళమ్మ అడుగుతుంది. ఆ వెనకాయనని మనవరాలు అడుగుతుంది, ఇంకా మాటలు తిరగక, "ఎక్కలికి తాతా" అని. అందుకే లైను కదలదు. పోర్టువాళ్ళు టేపులు తెచ్చి గేటు వెడల్పు కొలుస్తారు. గేటు సరిగ్గానే ఉంది.

చివరికి మైకు కట్టిన ఆటో ఒకటి లైను వెంట తిరుగుతుంది. ఇకమీదట పగలంతా రద్దీ వేళ అనీ, ఆ వేళలో లైనులో ఉండేవాళ్ళు రుసుము ఇచ్చుకోవాలనీ చెబుతుంది. గేటు పనివేళలు పెంచాలి కాబట్టి సాయంత్రాన్ని పొడిగిస్తారట. పొడిగించిన సాయంత్రంలో లోపలికి వెళ్ళేవాళ్ళు ఏమీ ఇవ్వనక్కర్లేదట.

మర్నాడు రుసుము వసూలుకి ఒకామె వస్తుంది. నెమ్మదైన మనిషి, భుజాన గుడ్డసంచి. డబ్బు పుచ్చుకోదు. పైడిరాజు దగ్గర దగ్గు తీసుకుని సంచిలో వేసుకుంటుంది. బీడీల దగ్గు, పోతే పోయిందిలే అనుకుంటుంది నూకరత్నం. ఆ మర్నాడు అతని ఈల తీసుకుంటుంది. తర్వాత కనుబొమ మీది గాటు. తర్వాత ఎడమ భుజం వంపు. ఇప్పుడతను స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా కూర్చుంటున్నాడు. నూకరత్నం ఆ భుజాల వైపు చూడకుండా వడ్డిస్తుంది. వంతు రాగానే ఎదురుగా వెళ్ళి అడుగుతుంది.

గౌరీసు తల బయటికి పెట్టి అంటాడు. "పంతులమ్మగోరూ, రోజూ అదే పెశ్న. మీ బళ్ళో గుంటడు ఇలాగ అడిగితే గోడకుర్చీ ఏయించీవోరు."

అతని మొహం మీద నవ్వు లేదు. నవ్వు నిన్ననే పట్టుకుపోయారు. పక్కన వాళ్ళమ్మ ఒక్కతే, ఇద్దరికీ సరిపడా నవ్వుతుంది.

ఒక రోజు పైడిరాజు అన్నం తిని చెయ్యి కడుక్కుంటాడు. కూర గురించి ఏమీ అనడు. ఆమే అడుగుతుంది.

"మావా, ఉప్పు సరిపోయిందా?"

"ఉప్పంటే ఏటే, పంతులమ్మా?"

నూకరత్నం గిన్నెలు సర్దుతుంది. మూత ఎంతకీ పట్టదు.

వసూలామె పక్క లారీ దగ్గర ఉంది. నూకరత్నం వెళ్ళి, తీసుకున్నవన్నీ ఏం చేస్తారని అడుగుతుంది. జాగ్రత్తగానే దాస్తామనీ, కాకపోతే ఎవరివి ఎవరివో కలిసిపోతున్నాయనీ ఆమె చెబుతుంది. సంచి లోపల ఎవరో పైడిరాజు ఈలతో గౌరీసు నవ్వు నవ్వుతున్నారు.

"రేపటికి ఏం మిగిలింది?"

"మిమ్మల్ని పిల్చే పిలుపొక్కటే ఉందమ్మా. ఆపైన లారీయే. లారీలు మేం పుచ్చుకోం."

నూకరత్నం తిరిగి వచ్చి ఫుట్‌బోర్డు మీద కూర్చుంటుంది. ఆ రోజు అతని వంతు వచ్చినా వెనక లారీలని ముందుకు పొమ్మంటుంది. కొండవైపు కూలీలు సాయంత్రానికి తాళ్ళు కట్టి లాగుతున్నారు. అది బెల్లప్పాకంలా సాగుతూ గేటు దాకా వస్తుంది. సూర్యుడు కొండ మీద మోచెయ్యి ఆనించి ఆగి ఉన్నాడు.

"ఈ సాయంత్రం ఎళ్దువుగాని మావా," అంటుంది. బడిలో ఆమె ఎప్పుడూ ఆ యాస మాట్లాడదు.

"నువ్వు ఎదురు రావా మరి?"

"పక్కన నిలబడతాను."

అతను ఆమెని చూస్తాడు. గాటు లేని కనుబొమ కాస్త పైకి లేస్తుంది. ఇంజను స్టార్టు చేస్తాడు. గేటు తెరుచుకుంటుంది.

ప్రశ్న ఆమె నోట్లోకి వస్తుంది. వేడి అన్నం ముద్దలా ఉంది. మింగలేదు, ఉమ్మలేదు. పళ్ళు బిగించి పట్టుకుంటుంది. చక్రాలు కదులుతాయి. ముద్ద గొంతులోకి దిగేదాకా లారీ పక్కనే నడుస్తుంది.

"వెళ్ళిరా మావా."

"ఎల్లొస్తానే పంతులమ్మా."

మాట పూర్తిగా, ఏ అక్షరమూ పోకుండా ఆమె దగ్గరికి వస్తుంది. లారీ లోపలికి వెళ్తుంది.

గౌరీసు వాళ్ళమ్మ నూకరత్నాన్ని చూస్తుంది. తర్వాత పైట కొంగు నోట్లో కుక్కుకుని, కొడుకు లారీ ముందు నుంచి పక్కకి తప్పుకుంటుంది. ఆ వెనక తాతని అడిగే పాపని ఎవరో ఎత్తుకుంటారు. లారీలు ఒకటొకటిగా కదులుతాయి. ఏడో తరగతి గదిలో పిల్లలు కాళ్ళు నేల మీదికి దించుతారు.

రోడ్డు మీద పైడిరాజు లారీ నిలిచిన మేర ఖాళీగా ఉంది. నూకరత్నం అక్కడే ఉంది. గేటు ఇంకా మూయలేదు. లోపలి నుంచి సముద్రం బయటికి వస్తుంది. ఎవరికీ అడ్డం రాకుండా, రోడ్డుకి ఎడమ పక్కగా నడుస్తుంది. ఒక లారీ అంత పొడవే ఉంది. ఆ ఖాళీ దగ్గరికి వచ్చి, రెండు సార్లు ముందుకీ వెనక్కీ జరిగి, సరిగ్గా అందులో నిలబడుతుంది.

నూకరత్నం దాని ఒంటి మీద చెయ్యి పెడుతుంది. వెచ్చగా ఉంది. లోపల చేపలు ఒకదాని తర్వాత ఒకటి హెడ్‌లైట్లు ఆర్పుకుంటున్నాయి.