కొట్టేసిన మూడో లైను

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తీర్పులు చదవడం ఆమెకు పదకొండేళ్ల అలవాటు. ఎడమవైపు కాయల పళ్లెం, కుడివైపు పై కోర్టు అప్పీళ్లలో ఆ నెల ఇచ్చిన తీర్పుల కట్ట, అది ఎగిరిపోకుండా మీద ఒక గిన్నె మూత. భర్త నడిపే న్యాయపత్రిక కోసం ఒక్కో తీర్పు సారాన్నీ రెండు లైన్లలో రాసిపెట్టడం ఆమె పని. హెడ్‌నోట్ అంటారు దాన్ని. నలభై పేజీలు చదివే తీరిక లేని వకీళ్లు ఆ రెండు లైన్లు చూసుకుని కోర్టుకు పరిగెడతారు. పత్రిక మొదటి పేజీలో సంపాదకుడిగా ఆయన పేరుంటుంది. ఆమె పేరు ఎక్కడా ఉండదు. పెళ్లికి ముందు ఆమె కూడా లా చదివిందన్న సంగతి, చుట్టాలెవరైనా ఎత్తితే తప్ప ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు రాదు.

"తీర్పంటే చిక్కుడుకాయేనోయ్. ఈనె తీసి పారెయ్, గింజ మిగుల్చు. అంతే!" అని మొదట్లో నేర్పించాడాయన. నేర్చుకుంది. "కూర్చుని చదువుకోవడమేగా, నడుం నొప్పెందుకొస్తుందమ్మా?" అనేది అత్తగారు. ప్రెస్సు మేనేజరు మాత్రం ఫోన్లో "రెండు లైన్ల మేడమ్ ఉన్నారా?" అని అడుగుతాడు. వెటకారమే. అయినా ఆమెకది లోలోపల ఇష్టం. ఏదో ఒక పేరు, తను చేసే పనిని బట్టి వచ్చిన పేరు.

ఆ రోజు కట్టలో మొదటి నాలుగూ చకచకా అయిపోయాయి. అద్దెకున్నవాళ్లకు కుళాయి కట్టేసిన ఇంటాయన ఓడిపోయాడు. లైసెన్సు గడువు దాటిందని బీమా ఎగ్గొట్టిన కంపెనీ మీద లారీ డ్రైవరు భార్య గెలిచింది. కాన్పు సెలవులో ఉండగా బదిలీ చేసిన టీచరమ్మ సగం గెలిచింది. పక్కింటి కుక్క కరిచిందని ఒకాయన, ఆ కుక్క తనది కాదని ఇంకొకాయన ఏడేళ్లు పోట్లాడారు. ఈలోగా కుక్క పోయింది. దాని సాక్ష్యం ఎవరూ అడగలేదు పాపం అనుకుని నవ్వుకుంది.

అయిదోది తీసింది. భర్త పోయిన ఒక కుట్టుపని ఆవిడ కేసు. పంతొమ్మిదేళ్లుగా అత్తగారింట్లోనే ఉంది. ముందు గదిలో మిషను పెట్టుకుని ఆ ఇంటిని నడిపింది, మంచాన పడ్డ అత్తగారికి చివరిదాకా చేసింది. ఆ పెద్దావిడ పోగానే బావగారు ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. కింది కోర్టు ఉండమంది. ఆయన అప్పీలుకెళ్లాడు. తొమ్మిదో పేజీలో జడ్జిగారు పాత తీర్పొకటి ఎత్తి చూపించారు. "అనుమతితో ఇంట్లో ఉంటున్న కోడలికి, ఎన్నేళ్లున్నా, ఆ ఇంటిమీద హక్కు రాదు. ఖాళీ చెయ్యమన్నప్పుడు ఆమె చెయ్యాల్సిందే."

ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. ఆ వాక్యాల నడక ఆమెకు తెలుసు. 'ఎన్నేళ్లున్నా' అని మధ్యలో ఆగే ఆ ఆగడం తనది. కింద తమ పత్రిక పేరు, పేజీ నంబరు. తన మాటలు జడ్జి నోట! ఒక్క క్షణం, సిగ్గు లేకుండా, సంతోషించింది. ఎవరికైనా చెప్పాలని లేచి నిలబడింది. హాల్లో అత్తగారు కునుకు తీస్తోంది. మళ్లీ కూర్చుంది. ఆ వాక్యాలు ఇంకోసారి చదివింది. నాలుగేళ్ల కిందటి ఆ తీర్పులో ఆ తర్వాత ఒక 'కానీ' ఉంది. ఆ 'కానీ' కోసమే ఆ తీర్పు రాశారు. అది హెడ్‌నోట్‌లో లేదు. కుట్టుపని ఆవిడ వకీలు అసలు తీర్పు తెరవలేదు, జడ్జిగారూ తెరవలేదు. అందరూ రెండు లైన్లే చదివారు. ఆవిడ ఓడిపోయింది, ముప్పై రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలి. మళ్లీ పరిశీలించమని అదే కోర్టును అడుక్కోవడానికీ అదే గడువు. తీర్పు వచ్చి ఇరవై రెండు రోజులైంది.

మధ్యాహ్నం ఆయన భోజనానికి రాగానే కాగితం ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు పైకి తోసి చదివాడు.

"అయితే?"

"సవరణ వెయ్యాలండీ. ముందు ఆవిడ వకీలుకి చెప్పాలి. ఇంకా వారం ఉంది."

"మన తప్పు మనమే అచ్చేసుకుంటే రేపు మన పత్రిక ఎవడు ముట్టుకుంటాడు? అసలు తీర్పు చదువుకోవడం వాళ్ల వకీలు పని. అయినా ఆవిడేమన్నా నీ తోడబుట్టిందా? కంచం పెట్టు."

"మీరే కొట్టేసుంటారు ఆ లైను." ఆయనతో ఆ మాట అనడం అదే మొదలు.

ఆయనకు కోపం రాలేదు. నవ్వాడు. "నేనా? వెళ్లి చూస్కో. నీ కాపీ మీద నేను పెన్ను పెట్టి ఎన్నేళ్లైంది? అంత బాగా తయారయ్యావ్ నువ్వు!"

ఆయనకు కంచం పెట్టి, ఆమె లోపలి గదిలో అలమర తెరిచి చిత్తుప్రతుల ఫైళ్లు దించింది. మొదటి ఏడాది కాగితాల నిండా ఆయన ఎర్ర సిరా. "సాగదీశావ్." "ఇది సెంటిమెంటు, లా కాదు." ఏడాది ఏడాదికీ ఎరుపు పలచబడింది. ఆ కాగితం దొరికింది. ఎర్ర చుక్క లేదు. తన చేతిరాతలో మూడు లైన్లున్నాయి. మూడోదాని మీద పెన్సిల్ గీత. స్కేలు పెట్టి గీసిన తిన్నటి గీత. ఆ ఇంట్లో పెన్సిల్ వాడేది తనొక్కతే.

గుర్తొచ్చింది. అత్తగారి తుంటి ఎముక విరిగిన ఏడాది అది. బెడ్‌పాన్ కడిగి, చేతులు తుడుచుకుని వచ్చి రాసింది. ఆయన ఆ పూట ఊళ్లోనే లేడు. కొట్టెయ్యమని ఎవరూ అనలేదు. ఆ గీత గీస్తున్నప్పుడు బాధ కలిగిందా అని వెతుక్కుంది. లేదు. పేజీ సరిగ్గా సరిపోయిందన్న తృప్తి ఒక్కటే దొరికింది. ఇన్నేళ్లూ తనను కత్తిరిస్తున్నది ఆయనే అనుకుంది. ఆయన ఎప్పుడో ఆ పని మానేశాడు, అవసరం లేక. తలలోపల ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టుకున్న మనిషికి ఇంక బయట ఏం పని? తన చాకిరీకి విలువుందని ఒక కోర్టు చెప్పిన ఒకే ఒక్క మాటను, ఎవరూ అడక్కుండానే, స్కేలు పెట్టి మరీ తనే కొట్టేసింది. పెన్సిల్ పట్టిన ఆ వేళ్లను వేరెవరివో చూస్తున్నట్టు చూసుకుంది.

వంటింట్లోంచి పిలుపు. "ఏమోయ్, మంచినీళ్లు!"

ఆమె కాగితం పట్టుకుని హాల్లో ఫోను దగ్గరికి నడిచింది. తీర్పు మొదటి పేజీలో ఓడిపోయినవాళ్ల వకీలు పేరుంది, పత్రిక చందాదారుల పుస్తకంలో నంబరుంది. పదకొండేళ్లుగా ఆ ఫోన్లో ఆమె అన్న మాట ఒక్కటే: "సార్ లేరండీ, వచ్చాక చెప్తాను." అవతల వకీలు దగ్గరి జూనియరు, ఎవరో అమ్మాయి ఎత్తింది.

"కుట్టుపని ఆవిడ ఇల్లు ఖాళీ కేసు మీదేనా అమ్మా? తీర్పు తొమ్మిదో పేజీ తియ్యి."

"తీశానండీ. మీరెవరు మాట్లాడేది?"

భర్త ఎంగిలి చేత్తో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అత్తగారు కళ్లు తెరిచింది.

"అక్కడున్న రెండు లైన్లూ రాసింది నేను. మూడోది కొట్టేసిందీ నేనే. అసలు తీర్పులో ఉంది అది. చెప్తాను, రాసుకో. 'కానీ, ఆ ఇంటిని నిలబెట్టిన ఆమె శ్రమ కూడా హక్కే...'"