జెండా అంచు

ఒక కాలి బూటు లేసు కట్టి, రెండోది కట్టకుండానే లేచి అతను కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. లోపల రేడియో చెబుతోంది. తీరం వెంబడి గాలుల ఉధృతి మధ్యాహ్నానికి తగ్గుముఖం పడుతుందట. ఉష్ణోగ్రతలు క్రమంగా పెరుగుతాయట.

"వెచ్చబడుతుందటరా," అంది అక్క వంటగదిలోంచి.

"ఊఁ."

రేవులో జెండా పని అతనిది. గాలి ముదిరితే ఎర్రజెండా ఎగరేస్తాడు. అది పైన ఉన్నంతసేపూ అవతలి ఒడ్డుకి పడవ కదలదు. గాలి పడిపోతే దించుతాడు. జుట్టు నెరిసేదాకా చేసిందంతా అదే. జెండాలు రెండు. ఒకటి కొయ్య మీద చిరుగుతుంటే రెండోది ఇంట్లో కుట్టుకి ఉంటుంది. పెళ్ళాం బిడ్డలు లేని ఇల్లు, ఆ కుట్టూ అతనే కుట్టుకునేవాడు. ఈసారి మాత్రం అక్క కుట్టింది.

నాలుగు రోజులుండి పోదామని వచ్చిన మనిషి గాలికి చిక్కి ఉండిపోయింది. అమ్మ పోయాక ఆవిడ ఈ గడప తొక్కడం ఇదే. అవతలి ఒడ్డున అక్క దగ్గర పోయిన అమ్మ చావుకి అతను వెళ్ళలేదు. పడవ లేదని కబురు పెట్టాడు. "కన్నతల్లి కంటే గాలి ఎక్కువైందా వాడికి" అని అక్క నలుగురిలో అందట. ఆ మాట ఎవరో మోసుకొచ్చి అతని చెవిలో వేశారు. అది అక్కడే ఉండిపోయింది. ఇన్ని రోజుల్లో అక్క తన మోకాళ్ళ గురించి చెప్పింది, పక్కింటివాళ్ళ కుక్క గురించి చెప్పింది, ఆ ఊసు మాత్రం ఎత్తలేదు. అతను ఎత్తుదామని నోరు తెరిచినప్పుడల్లా "టీ ఉందా?" అన్న మాటే బయటికి వచ్చేది. ఇవాళ పడవ కదిలిందా, ఇక అంతే.

మధ్యాహ్నానికి రేవు నిండిపోయింది. ఎండ పొడిచింది. జనం స్వెట్టర్లు విప్పి నడుముకి చుట్టుకున్నారు. అక్క సంచి మీద కూర్చుంది. అతను కొయ్య దగ్గర నిలబడలేక ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేస్తున్నాడు.

"ఏం బావా!" పడవ నడిపే సరంగు లోపల్నుంచి కేక వేశాడు. "జెండా వాలిపోయింది, కనబడట్లా? గాలేమన్నా మీ ఇంటి కొత్తల్లుడా, ఇంకా మర్యాదలు చేస్తున్నావు?"

జనం ఘొల్లుమన్నారు. అతను తలెత్తాడు. జెండా నిజంగానే వాలి ఉంది. కానీ చొక్కా ఇంకా వీపుకి కొట్టుకుంటోంది, నీళ్ళ మీద తెల్ల నురగ పోలేదు. అప్పుడు తట్టింది. అక్క అంచుని మూడు మడతలు మడిచి, రెండు పేటల దారంతో గోనెసంచి కుట్టినట్టు కుట్టింది.

"గాలి పడలేదు. కుట్టు బరువది," అన్నాడు.

"ఇప్పుడు నా కుట్టు మీద పడ్డావేంరా!" అంది అక్క కూర్చున్నచోటి నుంచే.

గుంపులోంచి ఒకామె తోసుకుంటూ ముందుకొచ్చింది. "అన్నా, మా నాన్న అవతల ఆసుపత్రిలో ఉన్నాడు. ఈ పూట దాటుతాడో లేదో. నీకు దణ్ణం పెడతా, దించన్నా."

అతని చెయ్యి తాడు మీదికి పోయింది. బొటనవేలు ముడికి ఆనింది. అక్కడే ఆగి వెనక్కొచ్చింది.

"ఆగాలమ్మా."

"నిన్నూ ఓ అమ్మ కనలేదా?" అని ఆమె గట్టిగా ఏడ్చింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. తాడుకేసి చూస్తూ ఉండిపోయాడు.

అక్క అతన్నే చూస్తోంది. కాసేపటికి మోకాళ్ళు పట్టుకుని లేచి, పక్కకొచ్చి నిలబడింది.

"అమ్మ పోయినప్పుడు కూడా దీన్ని ఎగరేసింది నువ్వేనా?" మెల్లగా అడిగింది.

"నేనే."

"పడవెక్కుదామని వచ్చినవాడివీ నువ్వేనా?"

"ఊఁ. సంచి సర్దుకునే వచ్చా."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పాగా. పడవ లేదని."

అక్క "ఆ జుట్టేంట్రా, పిచ్చుక గూడులాగా" అని చేత్తో అతని జుట్టు అణిచింది. గాలికి మళ్ళీ లేచింది. ఆవిడ మళ్ళీ అణిచింది. అలా ఎన్నిసార్లో. అతను చిన్నపిల్లాడిలా తల వంచి నిలబడ్డాడు. ఒకసారి అణిచిన జుట్టు ఇక లేవలేదు. ఇద్దరూ నీళ్ళకేసి చూశారు. నురగ పోయింది.

అతను ముడి విప్పి జెండా దించాడు.

తండ్రి కోసం ఏడ్చిన ఆమె అందరికంటే ముందు పడవెక్కింది, అతని వైపు చూడకుండా. అక్క శాలువా తీసి సంచిలో కుక్కుకుంది. సరంగు చెయ్యి అందించాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?" అన్నాడు అతను.

"గాలి చూసుకుని వస్తాలేరా," అంది అక్క. పడవ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

అతను ఇంటికొచ్చి బూట్లు విప్పబోయి, విప్పకుండానే గదిలోకి నడిచాడు. కుర్చీ మీద రెండో జెండా ఉంది. అంచు సగం దాకా కుట్టి, సూది గుచ్చి వదిలేసి ఉంది. కిటికీ బార్లా తెరిచే ఉంది. సూదికి వేలాడుతున్న రెండు పేటల దారం కదలడం లేదు.