మా అమ్మకైనా ఇదే ఇస్తాను

నల్లగండ్లలోని ఆ అపార్ట్‌మెంటులో పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరే వాళ్ళందరికీ వాచ్‌మన్ ఆంజనేయులు గేటు తీసి, బండి దాటగానే వేసేస్తాడు. ఒక్క తేజ బైకు వెళ్ళినప్పుడు మాత్రం వెయ్యడు. స్టూలు జరుపుకుని కూర్చుంటాడు, టీ తాగుతాడు. తేజ నీడ ఇంకా దిగలేదు కదా మరి. చాలాసేపయ్యాక, బైకు మీద కూర్చున్న మనిషి ఆకారంలో ఆ నీడ ర్యాంపు ఎక్కి, గేటు దాటి, రోడ్డున పడుతుంది. అప్పుడు ఆంజనేయులు లేచి గేటు వేస్తాడు.

హైటెక్ సిటీలోని ఆఫీసులోనూ అంతే. తేజ టీమ్‌లో కూర్చుని, కాఫీ తాగి, మొదటి మీటింగు సగం అయ్యాక నీడ వచ్చేది. "కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ఇరుక్కుని ఉంటుందిలే బ్రో" అనేవారు పక్క సీట్లవాళ్ళు. హైదరాబాదులో ఆలస్యానికి ట్రాఫిక్కే కారణం కాబట్టి ఎవరూ అంతకు మించి ఆలోచించలేదు. తల్లి పుణ్యవతి కూడా, చుట్టాలెవరైనా అడిగితే, "వాడి నీడకి కొంచెం బద్ధకం అండి, చిన్నప్పుడు వీడికుండేది" అని నవ్వేసేది.

కారణం తెలిసింది తేజకే. ఆఫీసులో అతని ఉద్యోగం టెస్టింగు, అంటే ఇంకొకళ్ళు చేసిన దాంట్లో తప్పులు పట్టుకోవడం. ఇంటి దగ్గర చేసేది మాత్రం ఇన్‌స్టాగ్రామ్‌లో "టిక్ మహల్" అనే పేజీ పెట్టి వాచీలు అమ్మడం. స్విట్జర్లాండ్ కంపెనీల పేర్లు చెక్కిన వాచీలు, స్విట్జర్లాండ్ గాలి కూడా సోకనివి. బజారు భాషలో ఫస్ట్ కాపీలు.

మొదట్లో చెప్పే అమ్మేవాడు. భార్య సుష్మ కర్నూలు పిల్ల, ఆఫీసులో అగ్రిమెంట్లు చదివే ఉద్యోగం. మొదటి పార్సిలు రాగానే అడిగింది.

"ఇవేంటివి తేజా?"

"కాపీలు. కాపీ అని చెప్పే అమ్ముతున్నా. కొనేవాడికి తెలుసు, నాకు తెలుసు. ఇంక మోసపోయేదెవరు?"

"పేరు వాళ్ళది కదా. వాళ్ళ పేరు కొట్టి నువ్వు అమ్ముతాండావు. చెప్పి అమ్మినా చట్టం ఒప్పుకోదు. పైగా నీ దగ్గర కొన్నోడు రేపు ఇంకొకనికి అసలుదని అంటగడితే?"

"అది వాడి పాపం."

ఆ రోజే మొదటిసారి, వంటింట్లోంచి హాల్లోకి వచ్చిన తేజ వెనక అతని నీడ అర అడుగు వెనకబడి వచ్చింది. సుష్మ చూసింది. వెళ్ళి కుక్కరు దించుకుంది.

కొన్నాళ్ళకి అడిగేవాళ్ళు మొదలయ్యారు, ఇది అసలుదేనా అని. కాపీ అంటే బేరం ఆడేవాళ్ళు, అసలుదంటే దండం పెట్టి తీసుకునేవాళ్ళు. తేజ మెల్లగా రాయడం నేర్చుకున్నాడు. దుబాయ్ నుంచి వచ్చింది, పన్ను కట్టలేదు కాబట్టే ఈ రేటు, ఎవరికీ చెప్పకండి. చివర ఒక మాట చేర్చేవాడు: "మా అమ్మకైనా ఇదే ఇస్తాను." ఆ మాట ఎంత బాగా పనిచేసిందంటే, ఫోనులో సేవ్ చేసి పెట్టుకున్నాడు. వేలు ఆనిస్తే చాలు, వాక్యం మొత్తం తనంతట తనే వెళ్ళిపోయేది. అలా వెళ్ళిన ప్రతిసారీ నీడ ఇంకాస్త వెనకబడింది. పోనుపోను అది, అన్నం వండి వడ్డించేంత ఆలస్యమైంది.

పుణ్యవతి గవర్నమెంటు దవాఖానలో స్టాఫ్ నర్సు. రాజమండ్రి నుంచి బదిలీ మీద వచ్చి, భర్త పోయాక కొడుకుని ఒంటరిగా చదివించింది. సర్వీసంతా ఒకటే వాచీ. దాన్ని మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకునేది, రోగి నాడి పట్టుకుని ముల్లు చూడటానికి వీలుగా. బెల్టు మారింది, అద్దం మారింది, వాచీ మారలేదు. డ్యూటీకి ఆవిడ ఆలస్యంగా వెళ్ళింది లేదు, ఆవిడ నీడా అంతే, కాళ్ళకి అంటుకున్నట్టు ఉండేది. కొడుకు కంప్యూటర్లో ఏదో మార్కెటింగ్ కూడా చేస్తాడని, రెండు చేతులా కష్టపడుతున్నాడని వార్డులో గొప్పగా చెప్పుకునేది.

ఆ నెలాఖరున ఆవిడ రిటైరైంది. ఆదివారం అపార్ట్‌మెంటు కింద అసోసియేషన్ హాల్లో చిన్న సన్మానం, భోజనాలు. ఏర్పాట్లు తేజవే. ఎదర గోడకి తెల్ల తెర కట్టించాడు, తల్లి సర్వీసు ఫొటోలు చూపించడానికి. తెర కిందే బల్ల వేసి, దాని మీద శాలువా, దండ పెట్టించాడు. వంటవాళ్ళు వెనక గుత్తి వంకాయ కూర దించుతుండగా అందరికంటే ముందు వచ్చింది అంజమ్మ. వార్డులో ఆయా, పుణ్యవతితో కలిసి పనిచేసిన మనిషి.

"బాబూ, గిది జర ఆ బల్ల మీద పెట్టు. మా సిస్టరమ్మకు వాచీ. వార్డోళ్ళందరం పైసలేసుకుని కొన్నం. ఊడ్చేటోళ్ళు సుత ఇచ్చిన్రు. గా పాత వాచీ జూసి జూసి మాకే ఇసుగొచ్చింది."

"ఎక్కడ కొన్నారు అంజమ్మా?"

"నాకేం తెలుస్తది. మా బిడ్డ ప్రవళిక ఫోన్ల ఆర్డర్ పెట్టింది. అసలుదేనా అని అడిగి అడిగి మరీ కొనిపిచ్చిన. ఆ అమ్మెటాయన మంచోడంట, మా అమ్మకైనా గిదే ఇస్త అన్నడంట."

అంజమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. తేజ ఒక్కడూ బల్ల దగ్గర నిలబడ్డాడు. కాగితం జాగ్రత్తగా విప్పి డబ్బా మూత ఎత్తాడు. మూత లోపల తను అంటించిన బంగారు రంగు స్టిక్కరే, టిక్ మహల్. కింద మఖ్మల్ మీద తను తుడిచి పెట్టిన వాచీయే. ఆ క్షణాన పరుగెత్తి అంజమ్మకి చెప్పి ఉంటే సరిపోయేది. కానీ గోటితో ఆ స్టిక్కరు గీకి, మడిచి, జేబులో పెట్టుకుని, కాగితం మళ్ళీ ఎప్పటిలా చుట్టేశాడు. తర్వాత గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళకి నమస్కారాలు పెట్టాడు.

సన్మానం బాగా జరిగింది. దండ వేశారు, శాలువా కప్పారు. అంజమ్మే స్వయంగా వాచీ తీసి పుణ్యవతి చేతికి పెట్టింది. పుణ్యవతి అలవాటుగా దాన్ని లోపలివైపుకి తిప్పుకుని, అంజమ్మ చెయ్యి అందుకుని నాడి చూస్తున్నట్టు పట్టుకుంది. హాలంతా నవ్వింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

అసోసియేషన్ సెక్రటరీ గిరీష్ ముందు వరసలో ఉన్నాడు. మొన్న బోనసుతో అదే కంపెనీ వాచీ కొన్నవాడు. "ఒకసారి చూడనివ్వండి ఆంటీ" అని ఆవిడ చెయ్యి పట్టుకుని చూసి, నొసలు చిట్లించాడు.

"సారీ ఆంటీ, ఇది డూప్లికేట్. అసలుదైతే సెకన్ల ముల్లు జారుతూ తిరుగుతుంది. ఇది చూడండి, ఎలా గెంతుతోందో. దీని ఖరీదు ఒక బిర్యానీ ప్యాకెట్టుకి ఎక్కువ, రెండిటికి తక్కువ."

వెనక వరసలోంచి ఎవరో మెల్లగా, "మరి మేమిచ్చిన పైసలు ఏడ పోయినయి" అన్నారు. అందరూ అంజమ్మ వైపు చూశారు.

"నేనేం తినలే సిస్టరమ్మా" అంది అంజమ్మ. కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "మా బిడ్డ మీద ఒట్టు. ఒక్క రూపాయి ముట్టలే. అసలుదన్నరు, నమ్మిన."

"నాకు తెలుసే అంజమ్మా, ఊరుకో" అంది పుణ్యవతి. కానీ ఆవిడకి తెలిస్తే చాలదు కదా. రేపు వార్డుకి వెళ్ళవలసింది అంజమ్మ. అక్కడ పక్కల మధ్య నడవవలసింది, మందుల గది తాళం అడిగితే వెనకాముందు చూసి ఇచ్చే వాళ్ళ దగ్గర పనిచెయ్యవలసింది అంజమ్మ. ఇదంతా తేజకి అర్థమైంది. అర్థమయ్యీ, తల దించుకుని తన చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాడు. సుష్మ అతని వైపు తిరిగి చూసింది. అతను తల ఎత్తలేదు.

సరిగ్గా అప్పుడు గుర్తొచ్చింది, నీడ. ఇంకాసేపట్లో అది ఆ గుమ్మంలోంచి వస్తుంది. ఇందాక తను చేసినట్టే నేరుగా బల్ల దగ్గరకి నడుస్తుంది. ట్యూబులైట్ల వెలుతురులో, తెల్ల గోడ మీద, ఇందరి ఎదుట డబ్బా విప్పుతుంది.

తేజ చటుక్కున లేచాడు. "అవన్నీ తర్వాత చూద్దాం అండి. ఫొటోలు వేస్తాను" అంటూ పరదాలు లాగి, లైట్లన్నీ ఆపేశాడు. చీకట్లో నీడ ఎవరికి కనపడుతుంది అనుకున్నాడు. కంగారులో ప్రొజెక్టరు వెలుతురు సంగతి ఆలోచించలేదు పాపం.

తెర వెలిగింది. తెల్ల చీరలో పడుచు పుణ్యవతి రాజమండ్రి ఆస్పత్రి మెట్ల మీద నవ్వుతోంది. ఆ ఫొటో మీదకి, నిలువెత్తున, తేజ నీడ నడిచి వచ్చింది. బల్ల దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, డబ్బా అందుకుంది. జనం ఇంకా ఫొటోనే చూస్తున్నారు. పుణ్యవతి మాత్రం నీడని చూసింది. కొడుకు తప్పు చేసేటప్పుడు వాడి భుజాలు ఎలా వంగుతాయో ఆవిడకి తెలుసు.

ఆవిడ లేచి, ప్రొజెక్టరుకి అడ్డంగా వెళ్ళి నిలబడింది. ఆవిడ నీడ తెర మీద పడి, కొడుకు నీడని పూర్తిగా కప్పేసింది.

"అమ్మా, అడ్డొస్తున్నరు" అన్నారు వెనకనుంచి.

ఆవిడ కదల్లేదు. నీడ డబ్బా విప్పి, గీకి, మడిచి జేబులో పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ అలాగే నిలబడింది. ఆ తర్వాత ఎవరి వైపూ చూడకుండా వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆవిడ వచ్చేసింది గానీ ఆవిడ నీడ రాలేదు. తెర మీదే నిలబడిపోయింది.

తేజ ఆ నీడ వంక చూశాడు. తల్లి కాళ్ళ వంక చూశాడు. కుర్చీ కింద నేల ఖాళీగా ఉంది. అతనికి పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు. తన నీడ పోతే పోయింది, దానికి అలవాటుపడ్డాడు. అమ్మది కూడా పోగొట్టాడు.

వెళ్ళి లైట్లు వేశాడు. అంజమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి స్టిక్కరు తీసి ఆవిడ అరచేతిలో పెట్టి, చేతులు జోడించాడు.

"ఆ వాచీ అమ్మింది నేనే అంజమ్మా. మా అమ్మకైనా ఇదే ఇస్తానని రాసింది నేనే. చాలామందికి రాశాను. నువ్వు ఒక్క పైసా తినలేదు. ఇందాక నోరు మూసుకుని కూర్చుంది కూడా నేనే."

ఆ మాటలకి పుణ్యవతి నీడ తెర మీద నుంచి జారి, నేల వెంట వచ్చి, ఆవిడ పాదాల దగ్గర సర్దుకుంది. ఆవిడ వాచీ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. తేజకి మాత్రం నీడ లేదు.

అంజమ్మ స్టిక్కరు అటూ ఇటూ తిప్పి చూసింది.

"నీ మాట నేనొకసారి నమ్మిన బాబూ. ఇగ నమ్మ. నీ నీడ రానీ. అది గూడ గిట్లనే చేస్తె అప్పుడు జూస్త."

వంటవాళ్ళు గిన్నెల మీద మూతలు పెట్టేశారు. తేజ అక్కడే, నేల మీదే ఉండిపోయాడు. అందరూ గోడ వైపు తిరిగి కూర్చున్నారు. గోడ మీద తేజ నీడ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ వంగి నమస్కారాలు పెట్టింది. చప్పట్లు కొట్టింది. తర్వాత కూర్చుంది. అంజమ్మ ఏడ్చినంతసేపూ అది తల దించుకుని చెప్పులు చూసుకుంటూ ఎలా కూర్చుందో, వార్డువాళ్ళూ, గిరీషూ, సుష్మా, తల్లీ, అందరూ చూశారు. తేజ కూడా చూశాడు. కళ్ళు మూసుకోవాలనిపించింది గానీ మూసుకోలేదు.

నీడ లేచింది. పరదాలు లాగింది. తెర వైపు చూస్తూ నిలబడింది, ఇంకా నిలబడే ఉంది. ఇది తన నీడే కదా, తప్పించుకోవడం దీనికి బాగా అలవాటు. గుమ్మంలోంచి అటే పోతే ఏం చెయ్యగలడు?

నీడ కదిలింది. గోడ దిగి, కుర్చీల మధ్యగా వచ్చి, అంజమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. జేబులోంచి ఏదో తీసి ఇచ్చింది. చేతులు జోడించింది.

అంజమ్మ నీడకి కాస్త చోటివ్వడానికన్నట్టు కాళ్ళు పక్కకి జరుపుకుంది. "సరే" అంది. క్షమించానని మాత్రం అనలేదు.

పుణ్యవతి వాచీని కొడుకు చేతిలో పెట్టింది.

"ఇంట్లో ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా. మంచం కింద."

"అన్నీ సంచిలో వెయ్యి. రేపు పొద్దున్నే పోలీస్ స్టేషనుకి వెళ్దాం. నేనూ వస్తాను."

"కేసు అవుతుంది ఆంటీ. ఉద్యోగం కూడా పోవచ్చు" అన్నాడు గిరీష్.

"అవనివ్వండి" అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్న తల్లీ కొడుకూ సంచి మోసుకుని గేటు దగ్గరకి వచ్చారు. ఆంజనేయులు గేటు తీసి, స్టూలు జరుపుకుని కూర్చోబోయాడు. పుణ్యవతి చేతికి ఎప్పటి పాత వాచీయే ఉంది. ఆవిడ దాని వంక చూసుకుని, సంచి కింద పెట్టి, మెట్ల వైపు తిరిగి నిలబడింది.

"ఉండరా, దాన్నీ రానీ. కలిసే వెళ్దాం."